చెడ్డరోజు మేడం

ఆవిడ నోటి వెంట ఏ పిల్ల గురించీ మంచి మాట రాదని జిల్లా అంతా పేరు. పేరంటే చెడ్డపేరే అనుకోండి. పిల్లల తల్లులు, బడి బస్సు డ్రైవర్లు, ఆఖరికి ఆఫీసు మెట్లు తుడిచే మనిషి కూడా చాటున ఆవిడను "చెడ్డరోజు మేడం" అనేవాళ్ళు. ఆవిడకు తెలియక కాదు. పని జరుగుతుంటే పేరుతో పనేముందని ఊరుకునేది.

ఆ పని చిన్నది కాదు. జిల్లాలో పంతొమ్మిది ప్రభుత్వ బడులు. మామూలు తరగతుల్లో ఇమడలేని పిల్లల కోసం వాటిలో విడిగా ముప్పై రెండు గదులు. ఆ గదుల్లో నాలుగు వందల ఆరుగురు పిల్లలు. మాట రానివాళ్ళు, మాట ఆపనివాళ్ళు, నడవలేనివాళ్ళు, నడక మొదలుపెడితే ఆగనివాళ్ళు. వాళ్ళ టీచర్లు, ఆయాలు, బస్సులు, కుర్చీలు, ఫైళ్ళు అన్నీ ఆవిడ చేతి కింద. ఇంత పెద్దరికానికి ఇచ్చిన ఆఫీసు మాత్రం రెండో అంతస్తు చివర, విరిగిన బల్లలు పడేసే గదికీ మరుగుదొడ్డికీ మధ్యన. లిఫ్టు లేదు. చక్రాల కుర్చీల పిల్లల సంగతి చూసే ఆఫీసును లిఫ్టు లేని మేడ మీద పెట్టారంటే, సర్కారుకు హాస్యం తెలియదని ఎవరన్నారని ఆవిడ భర్త నవ్వేవాడు. ఆయన ఇళ్ళలో కరెంటు పని చేసేవాడు. ఆవిడకు మాత్రం నవ్వు వచ్చేది కాదు.

ఆయాల సంగతి వేరే చెప్పాలి, జరిగిందంతా దాని మీదే నడిచింది కాబట్టి. బడిలో ఒక పిల్ల పక్కన రోజంతా ఒక ఆయా ఉండాలంటే ఏటా కమిటీ ఒప్పుకోవాలి. కమిటీకి ఒక ఫారం. అందులో తిండి, బట్టలు, మరుగుదొడ్డి, మాట, నడక, ప్రమాదం అని ఆరు గళ్ళు. ఒక్కో గడికి సున్నా నుంచి నాలుగు పాయింట్లు. పిల్ల ఎంత చేతకానిదైతే అంత ఎక్కువ. మొత్తం పద్దెనిమిది వస్తే సాయంత్రం బడి వదిలేదాకా ఆయా ఉంటుంది. పదిహేడు వచ్చిందా, మధ్యాహ్నం పన్నెండింటికి ఆయా సంచి తగిలించుకుని ఇంటికి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత పిల్ల ఏమవుతుందో రాయడానికి ఫారంలో గడి లేదు.

ఆవిడ పుట్టుకతోనే ఇలాంటి మనిషి కాదు. ఈ కుర్చీలోకి రాకముందు పదకొండేళ్ళు ఆ ముప్పై రెండు గదుల్లో ఒకదాంట్లో టీచరు. నేల మీద కూర్చుని పాటలు పాడేది, చేతులకూ జుట్టుకూ రంగులు పూసుకుని ఇంటికొచ్చేది. ఏ పిల్ల చెంచా నిలబెట్టి పట్టుకున్నా ఇంటికి చీటీ రాసి పంపేది. అప్పట్లో ఆవిడ గదిలో ఎనిమిదేళ్ళవాడు ఒకడుండేవాడు. వాడి తండ్రి గోడలకు రంగులు వేసేవాడు. కమిటీ ముందు ఆ తండ్రి ఛాతీ విరుచుకుని, "మావాడు అన్నం తనే తింటాడండీ. ఎవ్వరూ పెట్టక్కర్లేదు" అన్నాడు. పక్కనే కూర్చున్న ఆవిడ కూడా గర్వంగా తల ఊపింది. నేర్పింది తనే మరి. కమిటీవాళ్ళు చాలా సంతోషమన్నారు, తిండి గడిలో నాలుగు కొట్టేసి సున్నా వేశారు.

ఆ ఏడాది మధ్యాహ్నాలు వాడి పక్కన ఆయా లేదు. మూడో నెలలో ఒకరోజు రొట్టెముక్క గొంతుకు అడ్డం పడింది. ఆవిడ గదికి ఆ చివర ఇంకో పిల్ల మూతి కడుగుతోంది. తిరిగి చూసేసరికి అంతా అయిపోయింది. తర్వాత వాడి సంచి తీసుకెళ్ళడానికి వచ్చిన తండ్రి గుమ్మంలో నిలబడి, "తనే తింటాడండీ. నిజంగానే తింటాడు. నేనేం అబద్ధం చెప్పలేదు" అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాడు. ఆవిడ ఆ మాటకు జవాబు వెతుక్కుంటూ పదహారేళ్ళు గడిపింది. దొరికిన జవాబు ఒక్కటే. తన కంఠంలో ప్రాణం ఉండగా కమిటీ ముందు ఏ తల్లీ ఏ తండ్రీ గొప్పలు చెప్పకూడదు.

అందుకని జిల్లా బాధ్యత చేతికి రాగానే గురువారాలు పెట్టింది. గురువారం మధ్యాహ్నం తల్లులు ఒక్కొక్కరే మెట్లెక్కి వచ్చేవాళ్ళు. కమిటీ ముందు ఏం చెప్పాలో ఆవిడ నేర్పేది. ఇది ఏ నిబంధనలోనూ లేదు. పైవాళ్ళకు తెలిస్తే ఉద్యోగం ఊడేది కూడా.

"మీ వాడి గురించి చెప్పండమ్మా" అనేది.

"బంగారమండీ. ఈమధ్య చెప్పులు తనే వేసుకుంటున్నాడు..."

"ఆపండి. కాకిపిల్ల కాకికి ముద్దు. అక్కడ కూర్చున్నవాళ్ళు కాకులు కాదు. చెప్పుల ముచ్చట ఇంట్లో చెప్పుకోండి. నాకు చెడ్డరోజు కావాలి. ఏడాదిలో అన్నిటికన్నా చెడ్డరోజు ఏది?"

తల్లులు నీళ్ళు నమిలేవాళ్ళు. ఆవిడ వదిలేది కాదు. ఏ రోజు గోడకు తల బాదుకున్నాడు, ఏ రోజు బస్సులో బట్టలు పాడుచేసుకున్నాడు, ఏ రోజు చెల్లెల్ని కొరికాడు, అన్నీ గుచ్చి గుచ్చి అడిగేది. ఆ ఒక్కరోజును ప్రతిరోజూ అన్నట్టు చెప్పించేది. గొంతు వణికితే, "బాగుంది, అక్కడ కూడా అలాగే వణకాలి" అనేది. తల్లి కళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగుతుంటే, వెనక నుంచి, "అడగందే అమ్మయినా పెట్టదు. సర్కారు పెడుతుందా?" అని కేకేసేది. రాక్షసి అని తిట్టుకుంటూ వెళ్ళిన ఆ తల్లే నెల తిరక్కుండా ఆయా దొరికిందని ఫోన్ చేసి ఏడ్చేది. ఆవిడ ఫోన్ పెట్టేసి తర్వాతి ఫైలు తీసేది.

ఇంట్లో మాత్రం ఆ చూపు మారుతుందా? కూతురు పరీక్షలో తొంభై ఆరు తెస్తే మిగతా నాలుగూ ఏవంది. ఆ పిల్ల, "అమ్మా, ఒక్కసారి నా మంచిరోజు చూడవే" అని తలుపు వేసుకుంది. భర్తకు నిచ్చెన మీద నడుం పట్టేసి మంచాన పడితే, ఆయన నవ్వులాటకు, "నాకెన్ని పాయింట్లు వస్తాయే?" అన్నాడు. ఆవిడ నిజంగానే ఆలోచించి, "బట్టలకి రెండు, నడకకి మూడు. మీకు ఆయా రాదు" అంది.

ఇక మహారాణి సంగతి. పదేళ్ళ పిల్ల, ఒక్క మాట రాదు. బస్సులో డ్రైవరు వెనక సీటు తనది. ఇంకెవరైనా కూర్చుంటే పక్కన నిలబడి వాళ్ళు లేచేదాకా కళ్ళార్పకుండా చూస్తుంది. అందుకని డ్రైవరు మహారాణి అన్నాడు, అందరికీ అదే పేరైంది. తల్లి బడి వెనక వీధిలో కుట్టుపని చేస్తుంది. జిప్పులు మార్చడం, ప్యాంట్లు పొట్టి చేయడం, చొక్కాలకు కాజాలు తీయడం. మిషను పెట్టిన గది వెనకే కాపురం. పిల్ల తండ్రి ఎక్కడున్నాడో ఆమె చెప్పదు, ఎవరూ అడగరు.

మహారాణికి పరుగు జబ్బు. తలుపు తెరిచి ఉంటే చాలు, దూసుకుపోతుంది. రెండేళ్ళ కిందట సాయంత్రం గేటు తీసినప్పుడు చెయ్యి విడిపించుకుని పెద్ద రోడ్డు మధ్యదాకా వెళ్ళింది. లారీవాడు బ్రేకు మీద నిలబడ్డాడు కాబట్టి బతికింది. అప్పటి నుంచి రోజంతా ఆయా ఉంది. ఫారంలో చూస్తే ప్రమాదం నాలుగు, మాట నాలుగు, మరుగుదొడ్డి నాలుగు, బట్టలు నాలుగు, తిండి రెండు, నడక సున్నా. సరిగ్గా పద్దెనిమిది. ఒక్కటి తగ్గినా, గేటు తెరిచే వేళకు పిల్ల పక్కన మనిషి ఉండదు.

ఆ ఏడాది కమిటీకి మూడు వారాల ముందు గురువారం కుట్టుపనామె పిల్లను కూడా వెంటబెట్టుకుని వచ్చింది. మొహం వెలిగిపోతోంది. "మేడం, మీకొకటి చూపించాలి. మీరు ఏమీ అనకుండా చూడాలి" అంది.

పిల్ల చొక్కాకు నాలుగు పెద్ద గుండీలున్నాయి. తల్లే కుట్టింది, కాజాలు కాస్త వెడల్పుగా తీసి. మహారాణి ముందు గుండీలు లాగి లాగి నాలుగూ విప్పింది. తర్వాత నాలుక బయటపెట్టి, తల వంచి, మొదటిది పెట్టడం మొదలుపెట్టింది. గుండీ జారింది. మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ జారింది. కాజాలోంచి గుండీ అంచు కనబడగానే రెండో చేత్తో పట్టి లాగింది. నాలుగూ అయ్యేసరికి ఏడు నిమిషాలు పట్టింది. అయ్యాక చేతులు రెండూ పైకెత్తి వాళ్ళిద్దరి మొహాలూ చూసింది.

తల్లి చప్పట్లు కొట్టింది. "ఎనిమిది నెలలు పట్టిందండీ. షాపుకి ఎవరొచ్చినా చూపిస్తుంది. కొత్త మనిషి కనబడితే చాలు, గుండీల మీద చెయ్యేస్తుంది. వాళ్ళు చప్పట్లు కొట్టేదాకా కదలనివ్వదు" అంది.

ఆవిడ చేతులు కూడా చప్పట్లకు లేచాయి. లేచినమాట నిజం. ఆవిడలోని పాత టీచరు ఒక్క క్షణం ఆ గదిలోకి వచ్చింది. ఎనిమిది నెలలంటే ఏమిటో, ఆ వేళ్ళకు అదెంత పనో ఈ జిల్లాలో ఆవిడకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. కళ్ళు చెమర్చాయి. ఆ వెంటనే బట్టల గడి గుర్తొచ్చింది. గుండీలు పెట్టుకునే పిల్లకు బట్టల్లో రెండే. మొత్తం పదహారు.

"ఈ సంగతి బడిలో ఎవరికైనా తెలుసా?" అంది.

తల్లి మొహంలో వెలుగు అక్కడే ఆగిపోయింది. "ఆయాకి తెలుసు. ఎందుకండీ?"

"ఆయాతో నేను మాట్లాడతాను. మీరు ఎవరికీ చెప్పొద్దు. కమిటీ రోజు గుండీలు లేని బట్టలు వెయ్యండి. మెడ మీంచి తొడిగేవి."

ఇంకో చిక్కు కూడా ఉంది. కమిటీలోకి ఆ ఏడాది కొత్తగా ఒక సైకాలజిస్టు వచ్చింది. చిన్న వయసు, మంచి మనసు. పిల్లల గురించి పిల్లలు లేకుండా మాట్లాడటం అన్యాయమని వాదించి, ఇక నుంచి పిల్ల కూడా ఆ గదిలో ఉండాలని నియమం పెట్టించింది. అందరూ మెచ్చుకున్నారు. ఆవిడ ఒక్కతే తల పట్టుకుంది. మంచివాళ్ళు చేసే పనులకు పట్టుకోవడానికి తల ఒక్కటే చాలదనేది ఆవిడ.

కుట్టుపనామెకు పాఠం మొదలైంది. "బట్టలు వేసుకోవడం వచ్చా అని అడుగుతారు. ఏం చెప్తారు?"

"రాదు అనాలా?"

"ఒట్టి రాదు కాదు. చొక్కా చేతికిస్తే ఏం చెయ్యాలో తెలియదండీ, బొమ్మలా నిలబడుతుంది అనండి. ఎప్పటికైనా వస్తుందన్న ఆశ కూడా లేదనండి."

తల్లి పిల్ల వైపు చూసింది. మహారాణి కిటికీ దగ్గర నిలబడి గుండీలు విప్పి మళ్ళీ మొదటి నుంచి పెడుతోంది. "ఇది వింటోందండీ" అంది తల్లి మెల్లగా.

"వింటే విననివ్వండి. అర్థం కాదులెండి."

అర్థమవుతుందని ఆవిడకు తెలుసు. మాట రానివాళ్ళకు మాట అర్థం కాదనుకునే టీచర్లను తనే ఎన్నోసార్లు అందరిముందూ కడిగేసింది. అయినా ఆ రోజు ఆ మాట అనేసింది, లారీని తలుచుకుని.

కమిటీ రోజు వచ్చింది. గది కింది అంతస్తులో. పొడవాటి బల్ల, దానికి అవతల ముగ్గురు. మధ్యలో చైర్మన్, ఆయనకు ఎప్పుడూ ఇంకో మీటింగు ఉంటుంది. కుడివైపు ఒక హెడ్‌మాస్టరు, ఎడమవైపు కొత్త సైకాలజిస్టు. ఇవతల కుట్టుపనామె, పక్కన మహారాణి, ఆ పక్కన ఆవిడ. మహారాణి ఒంటి మీద చూస్తే నాలుగు గుండీల చొక్కా.

"ఏం చెయ్యనండీ? అది తప్ప వేరేది నెత్తి మీదికి రానివ్వలేదు. పొద్దున్న ఆరింటి నుంచీ యుద్ధమే" అని తల్లి చెవిలో గొణిగింది. ఆవిడ పళ్ళు బిగించింది.

ప్రశ్నలు మొదలయ్యాయి. తిండి అయింది, మరుగుదొడ్డి అయింది. కుట్టుపనామె నేర్పినవన్నీ అప్పజెప్పింది, గొంతు వణకాల్సిన చోట వణికింది. అది నటన కాదు. చైర్మన్ గడియారం చూసుకుని, "బట్టలు?" అన్నాడు.

"చొక్కా చేతికిస్తే ఏం చెయ్యాలో తెలియదండీ. బొమ్మలా నిలబడుతుంది" అంది తల్లి.

మహారాణి తల తిప్పి తల్లిని చూసింది.

"ఎప్పటికైనా వస్తుందని..." అని తల్లి చూపు దించుకుంది. ఆవిడ బల్ల కింద కాలితో తట్టింది. "ఆశ కూడా లేదండీ" అంది తల్లి.

సైకాలజిస్టు ముందుకు వంగి, పిల్లతో నవ్వుతూ, "ఏం పాపా? ఈ చొక్కా ఎంత బాగుందో! ఎవరు వేశారు నీకు?" అంది.

అడిగింది ఆప్యాయంగానే. కానీ ఎదురుగా ముగ్గురు కొత్త మనుషులు, అందులో ఒకరు నవ్వుతూ చొక్కా వైపే చూస్తున్నారు. ఇంకేం కావాలి? మహారాణి వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది, నాలుక కొద్దిగా బయటికి వచ్చింది, చేతులు మొదటి గుండీ మీదికి వెళ్ళాయి.  గుండీ ఊడింది. రెండోదీ ఊడింది. ఇంకో రెండు ఊడితే పెట్టడం మొదలవుతుంది. ఏడు నిమిషాలు చాలు, ఆయా పోవడానికి.

ఆవిడ పిల్ల చేతులు రెండూ పట్టుకుని ఒళ్ళోకి దించి, బల్ల కింద తన అరచేతితో అదిమిపెట్టింది.

"చూశారుగా. కొత్తవాళ్ళని చూస్తే చాలు, ఒంటి మీద బట్టలు పీకేసుకుంటుంది. బస్సులో కూడా ఇంతే. ఆడపిల్ల కదా, ఆయా లేకపోతే మానం కాపాడేదెవరు?" అంది.

హెడ్‌మాస్టరు మొహం పక్కకు తిప్పుకున్నాడు. సైకాలజిస్టు నవ్వు చెరిగిపోయింది. "ఇది ఇంట్లో కూడా జరుగుతుందా అమ్మా?" అని తల్లిని అడిగింది.

బల్ల కింద మహారాణి చేతులు గింజుకుంటున్నాయి. అరవలేదు. బలమంతా పెట్టి ఒక చెయ్యి విడిపించుకుని మళ్ళీ గుండీ పట్టుకుంది, తల్లి వైపు చూసింది. అమ్మకు తెలుసు కదా, అమ్మ చెబుతుంది కదా అన్న చూపు. ఆవిడ ఆ చేతిని కూడా పట్టి కిందికి లాగింది. ఈసారి గట్టిగా, వేళ్ళ కణుపులు నొక్కుకుపోయేలా పట్టుకుంది.

"అవునండీ. ఇంట్లో కూడా అంతే" అంది తల్లి.

గింజుకోవడం ఆగిపోయింది. ఆవిడ అరచేతి కింద రెండు చేతులూ మెత్తబడి ఊరుకున్నాయి. సైకాలజిస్టు తల వంచుకుని చాలాసేపు రాసింది. బట్టలు నాలుగు. మొత్తం పద్దెనిమిది. రోజంతా ఆయా. చైర్మన్ తర్వాతి ఫైలు తెమ్మన్నాడు.

వరండాలో కుట్టుపనామె గోడకు ఆనుకుని నిలబడింది.  వంగి పిల్ల చొక్కాకు ఊడిన రెండు గుండీలూ తనే పెట్టింది. మహారాణి చేతులు పక్కన వేలాడేసుకుని పెట్టించుకుంది. "రెండు రోజుల్లో మామూలైపోతుంది. గేటు దగ్గర మనిషి ఉంది, అది చూడండి" అంది ఆవిడ. తల్లి చూస్తానంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆవిడ భర్తకు కథంతా చెప్పింది, గెలిచినవాళ్ళు చెప్పే పద్ధతిలో. ఆయన చివరిదాకా విని, "మరి ఆ పిల్లేం అంది?" అన్నాడు.

"దానికి మాటలు రావండీ, చెప్పాగా."

"చెప్పావు" అని ఆయన కంచం తీసుకుని లేచాడు.

రెండు రోజుల్లో మామూలు కాలేదు. రెండు నెలల్లోనూ కాలేదు. మహారాణి గుండీల జోలికి పోలేదు. ఎవరైనా చొక్కా ముట్టుకుంటే చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంటుందని ఆయా కబురు చేసింది. షాపులో కొత్త మనిషి కనబడితే మిషను వెనక్కి పోతోందని తల్లి ఫోన్‌లో చెప్పింది. తర్వాత చెంచా కూడా మానేసింది. పెడితే తింటుంది, లేకపోతే లేదు. ఆయా మాత్రం మంచిది, గేటు దగ్గర పిల్ల చెయ్యి వదిలేది కాదు. ఏడాదంతా రోడ్డు మీదికి ఒక్క అడుగు పడలేదు. పడకపోవడానికి ఆయా ఒక్కతే కారణం కాదు. మహారాణి ఇప్పుడు పరిగెత్తడమే తగ్గించేసింది.

ఆవిడ ఫోన్‌లు విని విని ఒకరోజు పనులన్నీ మానుకుని ఆ బడికి వెళ్ళింది. ప్రత్యేక గదిలో మహారాణి పక్కన చిన్న పిల్లల కుర్చీలో ఇరుక్కుని కూర్చుంది. గుండీలున్న చొక్కా కావాలనే వేసుకెళ్ళింది. తన పై గుండీ తనే విప్పి, "ఇదిగో, ఇది ఊడిపోయిందే. నాకు పెట్టడం రావట్లేదు. నువ్వు పెడతావా?" అంది. పదహారేళ్ళ తర్వాత మళ్ళీ టీచరు గొంతుతో అంది. మహారాణి గుండీ వైపు చూసింది, ఆవిడ మొహంలోకి చూసింది. 

పిల్ల తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ కుడిచెయ్యి పట్టుకుని బల్ల కిందికి తెచ్చి, వాటి మీద బోర్లించి పెట్టుకుంది. ఆవిడ నొక్కలేదని ఇంకో క్షణం ఆగి చూసి, తనే ఆవిడ చేతిని కిందికి అదిమింది. అలా మంచిపిల్లలా కదలకుండా కూర్చుంది.

ఆవిడ ఆ గదిలోంచి ఎలా బయటికి వచ్చిందో టీచర్లు తర్వాత రకరకాలుగా చెప్పుకున్నారు. ఏడ్చిందని ఒకరు, ఏమీ ఎరగనట్టు ఆయా హాజరు పుస్తకం అడిగిందని ఇంకొకరు. రెండూ నిజమే. తనను తాను అసహ్యించుకుంటూనే హాజరు పుస్తకం చూసి సంతకం పెట్టింది. ఏం చేసి ఉండాల్సిందని ఆ వారమంతా ఆలోచించింది. చేతులు వదిలేస్తే ఆయా పోయేది, గేటు తెరిచేవేళ లారీ వచ్చేది. పట్టుకుంటే ఇదీ జరిగింది. మూడో దారి ఉండే ఉంటుంది, మంచివాళ్ళకు కనబడే ఉండేది. తనకు కనబడలేదు. గురువారాలు మానేద్దామనుకుంది. ఆ వచ్చే గురువారానికే పదిమంది తల్లులు మెట్ల మీద వరసగా కూర్చుని ఉన్నారు, మానలేదు.

మళ్ళీ ఏడాది తిరిగింది, మళ్ళీ కమిటీ రోజులు వచ్చాయి. కుట్టుపనామె ఈసారి ఒక్కతే వచ్చింది. కుర్చీలో కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ ఫైలు తెరిచి, అలవాటు చొప్పున, "అడిగినవాటికి ఏం చెప్పాలో గుర్తుందిగా? బట్టల దగ్గర మాత్రం..." అని మొదలుపెట్టింది.

"అక్కర్లేదు మేడం. ఈసారి మీరేం నేర్పక్కర్లేదు. అన్నీ నిజాలే చెప్తాను" అంది తల్లి.

 ఆవిడ ఫారం ముందుకు లాక్కుని బట్టల గడిలో నాలుగు వేసింది. తిండి గడిలో రెండు కొట్టేసి అక్కడా నాలుగు వేసింది. మొత్తం ఇరవై అయింది. పిల్లను తీసుకురావాల్సిన తేదీ, వేళ ఒక చీటీ మీద రాసి తల్లి చేతికిచ్చి, తర్వాతి తల్లిని లోపలికి పిలిచింది.